మామిడి తోటల వీడియో దృశ్యాలపై టైమ్‌కోడ్, ఆధార వివరాల నమోదు

నూజివీడు పరిసర ప్రాంతం బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, స్థానికంగా కలెక్టరు కాయగా పిలిచే తోతాపురి మామిడికి ప్రసిద్ధి. పూత మొదలు కోత వరకు ఈ తోటలలో చిత్రీకరించే దృశ్యాలు వార్తా ప్రసారాలకు, శాఖాపరమైన నివేదికలకు ఉపయోగపడుతున్నాయి. అయితే ఒక ఏడాది పూతకు, మరో ఏడాది పూతకు తెరపై తేడా కనిపించదు. గాలివానకు రాలిన కాయలను చూసి అవి ఏ వేసవిలో రాలినవో చెప్పడం సాధ్యం కాదు. ఒక సంవత్సరం విరగకాసిన చెట్టు మరుసటి సంవత్సరం తక్కువ కాయడం మామిడి స్వభావం కనుక, పాత దృశ్యం కొత్తదిగా ప్రసారమైతే పంట పరిస్థితిపై తప్పుడు అభిప్రాయం ఏర్పడుతుంది.

విపత్తు సహాయ నిబంధనల ప్రకారం 2015 నుండి 33 శాతం, అంతకు మించి పంట నష్టపోయిన రైతులు పెట్టుబడి రాయితీకి అర్హులు. నష్టాన్ని నిర్ధారించేది క్షేత్రస్థాయి గణనే గాని వీడియో కాదు. అయినప్పటికీ తేదీ, స్థలం తెలియని దృశ్యం నిజంగా నష్టపోయిన రైతు మాటపై కూడా సందేహం కలిగించగలదు. ఈ కారణంగా ఎడిటింగ్ దశలోనే దృశ్యాలపై టైమ్‌కోడ్‌ను, ఆధార వివరాలను నమోదు చేయడం అవసరం.

టైమ్‌కోడ్ అంటే

వీడియోలోని ప్రతి ఫ్రేముకు గంట, నిమిషం, సెకను, ఫ్రేము క్రమంలో ఇచ్చే సంఖ్యయే టైమ్‌కోడ్. భారతదేశంలో టెలివిజన్ ప్రసారాలకు సెకనుకు 25 ఫ్రేముల పద్ధతి అనుసరిస్తున్నారు. ఆ ప్రకారం ఫ్రేము సంఖ్య 00 నుండి 24 వరకు నడుస్తుంది. గంట నిడివిలో 90,000 ఫ్రేములు ఉంటాయి. 10:42:17:08 అని సూచిస్తే విలేకరి, ఎడిటర్, అధికారి ముగ్గురూ ఒకే ఫ్రేమును చూడగలుగుతారు.

టైమ్‌కోడ్ అన్ని సందర్భాలలో గడియారపు సమయం కాదని గమనించవలసి ఉంది. కెమెరాలో 'ఫ్రీ రన్' అమర్చి, గడియారాన్ని సరిచేసినప్పుడే అది చిత్రీకరణ సమయాన్ని తెలుపుతుంది. 'రికార్డ్ రన్' అమరికలో రికార్డింగ్ సాగినంతసేపే సంఖ్య ముందుకు కదులుతుంది. మొబైల్ ఫోన్లలో ఫ్రేముల వేగం తరచుగా మారుతూ ఉంటుంది కనుక, ఆ దృశ్యాలను ముందుగా స్థిరమైన 25 ఫ్రేముల వేగానికి మార్చడం మంచిది.

నమోదు విధానం

డావిన్చి రిజాల్వ్‌లోని 'డేటా బర్న్-ఇన్', ప్రీమియర్ ప్రోలోని 'టైమ్‌కోడ్' ఎఫెక్ట్, ఉచితంగా లభించే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లోని 'డ్రాటెక్స్ట్' ఫిల్టర్ ద్వారా ఈ వివరాలను దృశ్యంపై ముద్రించవచ్చు. టైమ్‌కోడ్‌తో పాటు క్లిప్ పేరు, కార్డు సంఖ్య, చిత్రీకరణ తేదీ, గ్రామం, మండలం, మామిడి రకం పొందుపరచాలి. అక్షరాలు తెర అంచుకు మరీ దగ్గరగా గాని, కాయలను, వ్యక్తుల ముఖాలను కప్పివేసే విధంగా గాని ఉండరాదు.

జిల్లా పేరు విషయంలో ప్రత్యేక శ్రద్ధ వహించవలసి ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో నూజివీడు కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాలో చేరింది. అంతకు ముందు తీసిన దృశ్యాలపై కృష్ణా జిల్లా అనే పేరునే ఉంచి, తేదీని జతచేయాలి. పాత రికార్డును నేటి పేరుతో దిద్దితే, ఆనాటి దస్త్రాలతో పోల్చి చూడడం కష్టమవుతుంది.

మూల ప్రతి భద్రత

ముద్రించిన అక్షరాలను దృశ్యం నుండి తిరిగి తొలగించడం దుస్సాధ్యం. కావున పరిశీలనకు ఉద్దేశించిన నకలుపై మాత్రమే వివరాలను ముద్రించి, మూల ప్రతిని యథాతథంగా భద్రపరచాలి. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు జతచేసే ధ్రువపత్రంలో హ్యాష్ విలువను పేర్కొనవలసి ఉంటుంది. అక్షరాలు ముద్రించిన నకలు హ్యాష్ విలువ, మూల ప్రతి విలువతో సరిపోలదు.

తెరపై కనిపించే తేదీ దానంతట అదే రుజువు కాదు; తప్పు తేదీని కూడా అంతే స్పష్టంగా ముద్రించవచ్చు. మూల ప్రతితో, చిత్రీకరణ నమోదు పుస్తకంతో సరిపోలినప్పుడే ఆ వివరాలకు విలువ ఉంటుంది. అప్పుడు తోటలో రాలిన కాయ ఏ ఊరిది, ఏ రోజుది అన్న ప్రశ్నకు కచ్చితమైన సమాధానం లభిస్తుంది.