మృతనాడీకణ నిర్మూలనము

వికాసదశలోనున్న నాడీమండలమున, తుదకు నిలువవలసిన వానికంటె మిక్కిలి యధికముగ నాడీకణములు జనించి, వానిలో ననేకములు నియతమరణము నొందును. అట్లు మరణించు కణములను గుర్తించి, కబళించి, జీర్ణించుకొని, వాని తావును శుభ్రపఱచు వ్యాపారమే మృతనాడీకణ నిర్మూలనము. ఇది ప్రధానముగ గ్లియా కణముల పని. నాడీకణములకు ఊతగా నిలిచి, పోషణ నందించు పరిచారకులుగ మాత్రమే చిరకాలము పరిగణింపబడిన యీ కణములు నాడీమండల నిర్మాణమున ఎంతటి భారమును మోయుచున్నవో ఈ వ్యాపారమును పరిశీలించిన గాని తెలియదు.

కోడిపిండమున వెన్నుపామునుండి కండరములకు పోవు చాలక నాడీకణములలో సుమారు సగము, పిల్ల గ్రుడ్డునుండి వెలువడక మునుపే నశించును. కోడిపిండపు గాంగ్లియన్లలో, అనగా వెన్నుపాము వెలుపలి నాడీకణ సమూహములలో, కనబడు ఇట్టి నాశనము వ్యాధిలక్షణము కాదనియు, సహజవికాసములోని భాగమే యనియు విక్టర్ హాంబర్గర్, రీటా లెవీ-మొంటాల్చినీ 1949లో ప్రకటించిన పరిశోధనవలన స్పష్టమయ్యెను. కెర్, వైలీ, కరీ అను మువ్వురు 1972లో ఈ విధమైన మరణమునకు అపోప్టోసిస్ అని పేరిడిరి. కణము కుదించుకొని, దాని కేంద్రకము ముక్కలై, పొర చెడకుండగనే అది చిన్నచిన్న తునకలుగ విడివడుట దీని లక్షణము. ఆ పొర చెడకమునుపే కణమును తొలగింపవలయును. జాగైనచో పొర చిట్లి, లోని పదార్థములు బయటికి కారి, ఇరుగుపొరుగు కణములకు హాని చేయును. కృష్ణాడెల్టా నెఱిగిన పాఠకునకు ఇది విడమరచి చెప్పనక్కఱలేదు: విజయవాడకడ ప్రకాశం బ్యారేజినుండి కాలువలెంత నీరు తెచ్చినను, మురుగు సముద్రమునకు పోవు దారి పూడుకొనియున్నచో చేలోని వరి కుళ్ళిపోవుట తప్పదు.

ఈ శాస్త్రమునకు పునాది అల్పజీవులలో పడినది. సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అను సూక్ష్మమైన నులిపురుగులో, వికాసకాలమున జనించు 1090 దేహకణములలో 131 నియమము తప్పక మరణించును. వానిలో అధికభాగము నాడీవంశమునకు చెందినవే. ఈ పరిశోధనలకు గాను బ్రెన్నర్, హార్విట్జ్, సల్‌స్టన్‌లకు 2002లో నోబెల్ బహుమానము లభించెను. అయితే ఆ పురుగులో శవకణములను మ్రింగునవి సాధారణముగ ప్రక్కనున్న చర్మాది కణములే. ప్రత్యేకముగ భక్షకవృత్తి నవలంబించిన కణములు దానికి లేవు. మ్రింగుటకు వలసిన సెడ్-1 అను గ్రాహకము మాత్రము అందే కనుగొనబడినది.

దాని జ్ఞాతి యగు డ్రేపర్ అను గ్రాహకము డ్రోసోఫిలా ఈగలో కలదు. వేసవిలో విజయవాడ చేరువనున్న నున్న మామిడి మార్కెట్టునకు పోయినవారు, మిగులపండి చితికిన పండ్లపై ముసరు ఎఱ్ఱకన్నుల చిన్న యీగలను చూచియేయుందురు. మామిడిరైతు భయపడు పండు ఈగ వేఱు, ఇది వేఱు. పండును పాడుచేయునది అది, పాడైన పండును వెదకికొనునది ఇది. ఇట్టి యీగ పిండములో డ్రేపర్ లోపించినచో గ్లియా కణములు మృతనాడీకణములను సరిగా తొలగింపజాలవని 2003లో తేలినది.

మరణించుచున్న కణమును గ్లియా ఎట్లు గుర్తించును? బ్రతికియున్న కణపు పొరలో ఫాస్ఫటిడైల్ సెరీన్ అను కొవ్వుపదార్థము లోవైపుననే యుంచబడును. మరణము ప్రారంభము కాగానే దానిని లోపల నిలుపు యంత్రాంగము చెడి, అది వెలుపలికి తిరుగును. గ్రాహకములు పట్టుకొను గుర్తు ఇదియే. కాని దూరముననున్న భక్షకకణమునకు ముందుగ కబురందవలయును గదా! ఆ వార్తాహరులలో నొకటి ఏ.టి.పి. మరణించు కణములు వెలువరించు ఏ.టి.పి., యూ.టి.పి.లు భక్షకకణముల నాకర్షించునని 2009లో వెల్లడియయ్యెను; మెదడులోని గ్లియాలో నొకజాతియగు మైక్రోగ్లియా కణములు ఏ.టి.పి. వెలువడు దిక్కునకు తమ శాఖలను చాచుట అంతకుముందే, 2005లో, సజీవమైన ఎలుక మెదడులో చూడబడినది. ఈ ఏ.టి.పి.ని కండరమునుండి 1929లో వేఱుపఱచినవారిలో, కృష్ణాడెల్టాకు పొరుగైన గోదావరి డెల్టాలోని భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఆ పని చేసిన సంవత్సరముననే జర్మనీలో లోమాన్ కూడ స్వతంత్రముగ దానిని కనుగొనెను. కండరమునకు శక్తినిచ్చు ద్రవ్యముగ దొరకిన పదార్థమే మరణవార్తను మోయునదిగ కూడ తేలుట, సుబ్బారావుగారి పనిని మరల తలచుకొనుటకు చాలిన కారణము.

మెదడున ఈ పనిలో ముఖ్యమైనవి మైక్రోగ్లియా. స్పెయిను దేశీయుడగు పియో దెల్ రియో-హోర్తేగా 1919లో వీనిని ప్రత్యేకజాతిగ గుర్తించెను. ఇవి నాడీకణములవలె మెదడులో పుట్టినవి కావు. ఎలుకలో ఇవి సొనసంచి నుండి బయలుదేరి, పిండము మిక్కిలి చిన్నదిగ నున్నప్పుడే మెదడున కాపురము పెట్టునని 2010లో తేలినది. పారదర్శకమైన జీబ్రాచేప పిల్లలలో ఇవి శవకణములను మ్రింగుట సూక్ష్మదర్శినిక్రింద ప్రత్యక్షముగ చూడవచ్చును. మ్రింగుటతో పని తీరదు. మ్రింగినదానిని ఆమ్లముతోను ఎంజైములతోను నిండిన లైసోజోములకు చేర్చి జీర్ణింపవలయును. జీబ్రాచేపలో ప్రోటాను పంపునకు చెందిన ఒక ప్రోటీను లోపింపజేసినప్పుడు, మైక్రోగ్లియా శవకణములను మ్రింగియు జీర్ణింపలేక, నిండిన సంచులతో నుండిపోవుట 2008లో పేరి, న్యూస్లైన్-ఫోల్‌హార్డ్ చూపిరి.

మెదడునకు వెలుపల, వెన్నుపాముప్రక్క గాంగ్లియన్లలో, ఈ భారము ఉపగ్రహ గ్లియా కణముల పూర్వకణములపై పడును. ఎలుకలో అవి జెడై-1, ఎమ్.ఇ.జి.ఎఫ్.-10 అను గ్రాహకములను వాడును, ఇవి డ్రేపర్ వంశమునకు చెందినవే. మెదడులోని మఱియొక గ్లియాజాతియగు ఆస్ట్రోసైట్లును పాలుపంచుకొనును: ఎలుక మెదడులో కణదేహమును మైక్రోగ్లియాయు, దూరముననున్న సన్నని శాఖల తునకలను ఆస్ట్రోసైట్లును తొలగించుటయు, మైక్రోగ్లియా లేనిచో వాని పనిని ఆస్ట్రోసైట్లు మెల్లగానైనను నెరవేర్చుటయు 2020లో కనబడినవి.

భక్షకకణములు మృతులను మోయునవి మాత్రమే కావు. 2004లో ఎలుక చిన్నమెదడు ముక్కలనుండి మైక్రోగ్లియాను తొలగించి చూడగా, చావవలసిన పర్కింజీ నాడీకణములు తక్కువగా చచ్చెను. అనగా ఆ మరణమునకు కొంతవఱకు మైక్రోగ్లియాయే ప్రేరకములు. మరణము మొదట, నిర్మూలనము తరువాత అను సరళమైన క్రమము అన్ని చోట్లను చెల్లదని ఈ ప్రయోగమువలన ఒప్పుకొనవలసినదే.

ఈ వ్యవస్థలోని లోపము మనుష్యులలో కూడ ప్రకటితమగును. మైక్రోగ్లియాపై నుండు ట్రెమ్-2 గ్రాహకపు జన్యువుగాని, దానికి తోడగు డాప్-12 జన్యువుగాని రెండు ప్రతులందును చెడినచో నాసు-హకోలా వ్యాధి కలుగును. రోగి యెముకలలో తిత్తులేర్పడి, నడివయస్సు రాకమునుపే బుద్ధి మందగించును.