సెలూన్‌లో కుర్చీ అద్దెకు తీసుకోవాలా, కమీషన్ మీద పనిచేయాలా?

డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో సాఫ్ట్‌వేర్, బ్యాంకు ఉద్యోగాలు చేసే మన తెలుగు కుటుంబాల్లో ఇండియాలో బ్యూటీపార్లర్ నడిపి వచ్చినవాళ్ళూ ఉంటారు. ఇక్కడ ఆ పని మొదలుపెట్టాలనుకునేవారికి రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, సెలూన్‌లో ఉద్యోగిగా చేరి జీతం, కమీషన్ తీసుకోవడం. రెండు, వారానికి ఇంతని అద్దె కట్టి ఒక కుర్చీ తీసుకుని సొంతంగా పని చేసుకోవడం. ఏది మేలో చూద్దాం.

ముందు స్టాంప్ చూసుకోండి

వర్క్ పర్మిట్ మీద ఉన్నవారి భార్య లేదా భర్తకు సాధారణంగా స్టాంప్ 1జి ఇస్తారు. దీని మీద ఉద్యోగం చేయవచ్చు, సొంత వ్యాపారం చేయకూడదు. కుర్చీ అద్దెకు తీసుకోవడం సొంత వ్యాపారం కిందికే వస్తుంది. స్టాంప్ 2 మీద ఉన్న విద్యార్థులకూ ఇదే వర్తిస్తుంది. స్టాంప్ 4 గానీ, ఐరిష్ పౌరసత్వం గానీ ఉన్నవారికి రెండు దారులూ తెరిచే ఉంటాయి.

ఉద్యోగికి ఏమి వస్తుంది?

2026 జనవరి 1 నుంచి కనీస వేతనం గంటకు 14.15 యూరోలు. కమీషన్ పద్ధతి ఏదైనా, సగటున గంటకు ఇంతకు తగ్గకూడదు. ఏడాది పొడవునా పూర్తికాలం పనిచేస్తే నాలుగు వారాల జీతంతో కూడిన సెలవు ఉంటుంది. పన్ను యజమానే కోసి కడతాడు. కుర్చీ అద్దెకు తీసుకున్నవారికి సెలవు జీతం లేదు. పీఆర్‌ఎస్‌ఐ ఎస్ తరగతి కింద కడతారు, అందులో జబ్బు చేస్తే ఇచ్చే ఇల్‌నెస్ బెనిఫిట్ రాదు. ఏటా అక్టోబర్ 31 లోపు ఫారం 11 కూడా మీరే వేయాలి.

ఒక లెక్క

ఉదాహరణకు కుర్చీ అద్దె వారానికి 250 యూరోలు, షాంపూలు, రంగులు, బీమా కలిపి 80 అనుకుందాం. వారానికి 35 గంటలు పనిచేసే ఉద్యోగికి కనీస వేతనం లెక్కన 495 యూరోలు, ఏడాదికి సుమారు 25,750 వస్తాయి. కుర్చీ మీద అంతే మిగలాలంటే? 52 వారాల అద్దె 13,000, పనిచేసిన 48 వారాల సామాను ఖర్చు 3,840. అంటే ఏడాదికి దాదాపు 42,600, వారానికి 890 యూరోల పని జరగాలి. సేవలకు వ్యాట్ రిజిస్ట్రేషన్ పరిమితి 42,500. అది దాటితే వ్యాట్ కూడా కట్టాలి. అంటే కనీస వేతనంతో సమానం కావడానికే వ్యాట్ గడప దాకా వెళ్ళాలన్నమాట! అంతకన్నా బాగా ఎక్కువ గిరాకీ ఉన్నవారికే కుర్చీ లాభం.

డాక్‌ల్యాండ్స్ గిరాకీ చాలావరకు ఆఫీసుల మీద ఆధారపడినది. మధ్యాహ్న భోజన విరామం, సాయంత్రాలే రద్దీ. క్రిస్మస్ సెలవుల్లో ఆఫీసులు మూతపడినా అద్దె మాత్రం ఆగదు.

కాగితం మీద పేరు చాలదు

కొన్నిచోట్ల అద్దె అని కాగితం రాయించుకుని, వేళలు, ధరలు, గల్లాపెట్టె అన్నీ యజమానే చూసుకునే అవకాశం ఉంది. 2023 అక్టోబర్‌లో ఐర్లాండ్ సుప్రీంకోర్టు, డోమినోస్ పిజ్జా డెలివరీ డ్రైవర్ల కేసులో (కార్షన్ తీర్పు) పన్ను విషయంలో వారు ఉద్యోగులేనని తేల్చింది. ఒప్పందంలో రాసుకున్న పేరును మాత్రమే కాక, నిజంగా పని ఎలా జరుగుతుందో, ఎవరి అదుపులో జరుగుతుందో చూడాలంది. ఈ సూత్రం సెలూన్లకూ వర్తిస్తుంది.

సంతకం చేసే ముందు అడగండి

- ధర ఎవరు నిర్ణయిస్తారు? డబ్బు ఎవరి చేతికి వస్తుంది?
- మీరు సెలవులో ఉన్నప్పుడు అద్దె కట్టాలా?
- కమీషన్ వ్యాట్ తీసేసిన మొత్తం మీదా, మొత్తం బిల్లు మీదా?
- మానేస్తే మీ కస్టమర్ల ఫోన్ నంబర్లు ఎవరివి?
- ఎన్ని వారాల ముందు నోటీసు ఇవ్వాలి?

కొత్తగా వచ్చినవారు మొదట ఉద్యోగంలో చేరి, తమ కోసమే వచ్చే కస్టమర్లు ఎంతమందో ఆరు నెలలు పుస్తకంలో రాసుకోవడం మంచిది. వారి వల్ల వచ్చే పని వారానికి 890 యూరోలు దాటి నిలకడగా ఉంటే, స్టాంప్ కూడా అనుమతిస్తే, అప్పుడు కుర్చీ సంగతి ఆలోచించండి.