పాత టీవీకి లక్షలు వస్తాయా? ఆన్‌లైన్ వేలంలో అసలు ధర దేనికి.. బిడ్ వేసే ముందు చూడాల్సింది ఇదే!

అటక మీద దుమ్ముపట్టిన షట్టర్ టీవీ ఉందా? లక్షలిచ్చి కొంటాం.. ఇలాంటి మెసేజ్‌లు ఫోన్లలో తిరగడం కొత్తేమీ కాదు. మరోవైపు విదేశీ వేలంపాటల్లో పాత టీవీలకు నిజంగానే లక్షలు వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 2011లో లండన్‌లోని బోన్‌హామ్స్ సంస్థ వేలంలో 1936 నాటి మార్కోనీ టీవీ ఒకటి 16 వేల పౌండ్లకు పైగా పలికింది. మరి ఏ టీవీకి డబ్బులొస్తాయి? దేనికి రావు? ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు ఎక్కడ దెబ్బతింటున్నారు?

పాతదైతే చాలదు.. ఎన్ని మిగిలాయన్నదే లెక్క

1926 జనవరి 26న లండన్‌లోని సోహో ప్రాంతంలో జాన్ లోగీ బెయిర్డ్ శాస్త్రవేత్తల ముందు టెలివిజన్‌ను ప్రదర్శించారు. ఆ తర్వాత 1930లో 'టెలివైజర్' పేరుతో ఆయన కంపెనీ సెట్టు మార్కెట్లోకి వచ్చింది. అందులో పిక్చర్ ట్యూబ్ ఉండదు. చిల్లులున్న ఓ చక్రం గిర్రున తిరుగుతుంటే, వెనకున్న దీపం వెలుగులో 30 గీతల బొమ్మ కనిపిస్తుంది. తయారైనవి సుమారు వెయ్యి మాత్రమే. అందుకే అసలు టెలివైజర్ వేలానికి వస్తే మ్యూజియంలు కూడా ఓ కన్నేస్తాయి.

1936 నవంబర్ 2న లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బీబీసీ రెగ్యులర్ ప్రసారాలు మొదలుపెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం రావడంతో 1939 సెప్టెంబర్ 1న ఆపేసింది. ఆ మధ్యలో అక్కడ అమ్ముడైన టీవీలు సుమారు 20 వేలు. బోన్‌హామ్స్‌లో అమ్ముడైన మార్కోనీ సెట్టు కూడా ఆ కాలానిదే. అప్పట్లో దాని ధర దాదాపు వంద పౌండ్లు.. ఆ డబ్బుకు చిన్న ఫోర్డ్ కారు వచ్చేది. ట్యూబ్ మరీ పొడుగ్గా ఉండటంతో దాన్ని పెట్టెలో నిలువుగా నిలబెట్టి, మూతకు అద్దం బిగించారు. జనం చూసింది ఆ అద్దంలోని బొమ్మనే. అమెరికాలో 1939 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో చూపించిన ఆర్‌సీఏ టీఆర్‌కే-12 కూడా ఇలాంటి అద్దం మూత టీవీయే.

కలర్ టీవీల్లో కలెక్టర్లు వెతికేది 1954 నాటి ఆర్‌సీఏ సీటీ-100. అప్పట్లో ధర వెయ్యి డాలర్లు. తెర మాత్రం 15 అంగుళాల ట్యూబ్‌దే. తయారైనవి సుమారు 4,400. ఇక తల తిప్పే ట్యూబ్ ఉన్న ఫిల్కో ప్రెడిక్టా, వ్యోమగామి హెల్మెట్‌లా గుండ్రంగా ఉండే జేవీసీ వీడియోస్ఫియర్ లాంటివి చూపులకే గిరాకీ తెచ్చుకున్నవి. ఇవి వేలంలో తరచూ కనిపిస్తాయి కాబట్టి యుద్ధానికి ముందటి సెట్ల స్థాయిలో ధర ఉండదు.

ప్రాణమంతా పిక్చర్ ట్యూబ్‌లోనే

పాత టీవీలో కెపాసిటర్లు, రెసిస్టర్లు పోతే కొత్తవి వేయొచ్చు. వాల్వులు కూడా చాలావరకు దొరుకుతాయి. చెక్క పెట్టెకు మళ్లీ పాలిష్ పట్టొచ్చు. కానీ పిక్చర్ ట్యూబ్ పోతే అంత తేలికగా దొరకదు. సీటీ-100లో వాడిన 15జీపీ22 ట్యూబ్‌కు ఇదే పెద్ద శాపం. వాడకపోయినా సరే, ఏళ్లు గడిచేకొద్దీ సీలు దగ్గర సన్నగా గాలి లోపలికి చేరి ట్యూబ్ చచ్చిపోతుంది. అందుకే ట్యూబ్ బతికున్న సెట్టుకూ, పోయిన సెట్టుకూ ధరలో ఎంతో తేడా ఉంటుంది.

ఫొటో చూసి కనిపెట్టే ఓ చిన్న గుర్తు ఉంది. చాలా వాల్వుల్లో, కొన్ని పిక్చర్ ట్యూబుల్లో గాజు లోపలివైపు అద్దంలా మెరిసే వెండి రంగు మచ్చ ఉంటుంది. లోపల మిగిలిన గాలిని పీల్చుకునే లోహపు పూత అది. గాలి చొరబడితే ఆ మచ్చ తెల్లగా పాలిపోతుంది. అలా కనిపిస్తే ఇక ఆ ట్యూబ్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

బిడ్ వేసే ముందు అడగాల్సినవి

ముందు వెనక అట్ట తీసిన ఫొటోలు అడగాలి. బయటికి పాత టీవీలా కనిపించే పెట్టెలో లోపల ఏమీ ఉండకపోవచ్చు. భాగాలన్నీ పీకేసి చేపల తొట్టిగానో, అల్మరాగానో మార్చినవి చాలానే ఉన్నాయి. ఛాసిస్ మీద మోడల్ నంబర్, సీరియల్ నంబర్ స్పష్టంగా కనిపించాలి.

'టెస్ట్ చేయలేదు' అని రాసి ఉంటే పని చేయదనే లెక్క వేసుకోవాలి. 'ప్లగ్ పెడితే వెలిగింది' అన్నా సంబరపడక్కర్లేదు. దశాబ్దాలుగా మూలనపడ్డ సెట్టుకు నేరుగా కరెంటు ఇస్తే పాత కెపాసిటర్లు షార్ట్ అయి, దొరకని ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది. అందుకే తెలిసిన కలెక్టర్లు అమ్మేవాళ్లకు చెప్పే మొదటి మాట.. దయచేసి ఆన్ చేయొద్దు!

ఈబే లాంటి సైట్లలో గరిష్ఠంగా ఎంత ఇస్తామో ముందే నమోదు చేస్తే, అవతలి బిడ్‌ను దాటేంత వరకే సిస్టమ్ మన తరఫున పెంచుకుంటూ పోతుంది. చివరి సెకన్లలో బిడ్ వేసేవాళ్లూ ఉంటారు. ఆ వేడిలో మన లెక్క దాటకపోవడం ముఖ్యం. పెద్ద వేలం సంస్థల్లో అయితే పాడిన ధర మీద కొనుగోలుదారు కమీషన్ అదనం.

కొన్నాక ఇంటికి చేరడమే అసలు పరీక్ష

పిక్చర్ ట్యూబ్ లోపల గాలి ఉండదు. గట్టి దెబ్బ తగిలితే గాజు లోపలికి పేలి ముక్కలు ఎగజిమ్ముతాయి. అందుకే చాలామంది అనుభవజ్ఞులు కొరియర్‌ను నమ్మరు, స్వయంగా వెళ్లి తెచ్చుకుంటారు. అందుకే అమ్మేవాళ్లు కూడా 'వచ్చి తీసుకెళ్లాలి' అని షరతు పెడుతుంటారు.

విదేశం నుంచి మన దేశానికి తెప్పించాలంటే మరో చిక్కు. కస్టమ్స్ లెక్కలో పురాతన వస్తువు అనిపించుకోవాలంటే వందేళ్లు దాటాలి. వేలంలో దొరికే టీవీల్లో దాదాపు ఏదీ ఆ వయసుకు రాలేదు. పైగా వాడిన ఎలక్ట్రానిక్ వస్తువుల దిగుమతిపై ఆంక్షలున్నాయి. బిడ్ వేయకముందే కస్టమ్స్ ఏజెంట్‌ను అడగడం మంచిది. తెచ్చాక కూడా బొమ్మ రావాలంటే కన్వర్టర్ కావాలి. బ్రిటన్‌లో పాత 405 గీతల ప్రసారాలు 1985లోనే ఆగిపోయాయి.

మరి మన ఇంట్లోని ఈసీ టీవీ సంగతేంటి?

మన దేశంలో టీవీ ప్రసారాలు 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో మొదలయ్యాయి. 1975-76లో శాటిలైట్ ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 ఊళ్లకు టీవీ చూపించిన 'సైట్' ప్రయోగంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఆ సెట్లు తయారు చేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. 1977 అక్టోబర్ 23న హైదరాబాద్ దూరదర్శన్ మొదలయ్యాక అదే సంస్థ ఈసీ టీవీలు ఎన్నో ఇళ్లకు చేరాయి. వీధిలో ఒక్క టీవీ ఉంటే అందరూ అక్కడికే చేరిన రోజులవి.

అయితే ఇవి వేల సంఖ్యలో తయారైనవి. చెక్క షట్టర్, కాళ్లు, బిల్లు, మాన్యువల్ అన్నీ ఉంటే సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్లో, కలెక్టర్లో ఆసక్తి చూపొచ్చు. లక్షలు మాత్రం రావు.

'రెడ్ మెర్క్యురీ' పేరుతో తిరిగేదంతా ఉత్తదే

పాత టీవీల్లో, రేడియోల్లో 'రెడ్ మెర్క్యురీ' అనే విలువైన పదార్థం ఉంటుందన్నది పచ్చి అబద్ధం. అసలు ఆ పేరుతో చెప్పే మహిమలున్న పదార్థమే లేదు. 2009లో సౌదీ అరేబియాలో ఇదే పుకారు పాత కుట్టుమిషన్ల మీద పుట్టి, వాటి రేట్లు ఎక్కడికో వెళ్లాయి. ఆ పదార్థం కోసం టీవీ విప్పడం ఇంకా ప్రమాదం.. స్విచ్ ఆపేసినా పిక్చర్ ట్యూబ్‌లో వేల వోల్టుల ఛార్జ్ నిలిచి ఉండొచ్చు.

కొనేవాడు ఎవరైనా వాడే డబ్బులిస్తాడు. 'టెస్టింగ్ ఛార్జీలు', 'రిజిస్ట్రేషన్ ఫీజు' అంటూ ఎదురు అడిగితే అది మోసమే. ఇప్పటికే డబ్బులు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఇక అటక మీది ఈసీ టీవీ.. అలా ఉంచుకుంటేనే మేలు. మెసేజ్ నమ్మి విప్పేస్తే మిగిలేది చెక్క పెట్టే!