కట్టె ఇరుసు నుంచి గొట్టపు ఇరుసు దాకా: తెలంగాణ బండి నిర్మాణ పరిణామం

వ్యాససంగ్రహం: బండి బరువంతా మోసేది ఇరుసు. అది కట్టె నుంచి ఇనుప కడ్డీకి, కడ్డీ నుంచి ఉక్కు గొట్టానికి మారడం గ్రామీణ వృత్తుల చరిత్రలో భాగం. ఈ మార్పులో లోహం ఆదా అయిన తీరును, ప్రమాదస్థానం మారిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఇరుసు, కడశీల, కందెన, గొట్టం, స్టబ్, బేరింగు.

1. ఉపోద్ఘాతం

జనగామ ప్రాంతంలోని గూడూరు విరియాల వంశీయుల శాసనం వల్ల చరిత్రకారులకు సుపరిచితం. కాకతీయుల తొలినాళ్ల చరిత్రకు, తెలంగాణలో తెలుగు పద్యరచనకు అది ముఖ్యాధారం. రాజవంశాలకు రాయి సాక్ష్యంగా నిలిచింది. పల్లెల ధాన్యాన్ని మోసిన బండికి అటువంటి సాక్ష్యం అరుదు. కట్టె చివికిపోయింది, ఇనుము మళ్లీ కొలిమికి చేరింది. కాబట్టి ఈ చరిత్రకు భాషే ప్రధానాధారం. “కందెన వేయని బండికి కావలసినంత సంగీతం” అన్న సామెతలో ఘర్షణను గూర్చిన అనుభవజ్ఞానం నిక్షిప్తమై ఉంది.

2. వడ్రంగి, కమ్మరి

సంప్రదాయ బండిలో ఇరుసు తిరగదు, దానిచుట్టూ చక్రం తిరుగుతుంది. చక్రం జారిపోకుండా ఆపేది కడశీల. ఆకులు, పూటీలు కూర్చి వడ్రంగి చక్రం చేస్తే, కమ్మరి ఇనుప పట్టాను కాల్చి, అది వ్యాకోచించినప్పుడు తొడిగి, నీళ్లు పోసి బిగిస్తాడు. ఇద్దరి కొలతలూ సరిపోతేనే బండి నిలుస్తుంది.

3. గాలి టైర్లు

1936లో సాహాగంజ్‌లో డన్‌లప్ కర్మాగారం మొదలైంది. ఇనుప పట్టాలు రోడ్లను కోసివేస్తున్నందువల్ల పశువుల బండ్లకు గాలి టైర్లు ప్రచారంలోకి వచ్చాయి. కందెన స్థానాన్ని గ్రీజు, బేరింగులు ఆక్రమించాయి. 1970లలో బెంగళూరు ఐ.ఐ.ఎం. సంచాలకులు ఎన్.ఎస్. రామస్వామి బండి ఆధునికీకరణను జాతీయ సమస్యగా ముందుకు తెచ్చారు. ట్రాక్టరు ట్రాలీలు వచ్చాక వడ్రంగి పని వెల్డింగు దుకాణానికి చేరింది.

4. కడ్డీ, గొట్టం

60 మి.మీ. వ్యాసం గల గుండ్రటి నిండు కడ్డీతో 88.9 మి.మీ. బయటి వ్యాసం, 4.8 మి.మీ. మందం గల గొట్టాన్ని పోల్చవచ్చు. ఉక్కు ఒకే రకమైతే, గొట్టంలో లోహం కడ్డీలోని దానిలో సుమారు 45 శాతమే. వంపును తట్టుకునే శక్తి మాత్రం సుమారు 19 శాతం ఎక్కువ. మధ్యభాగపు లోహం వంపును అంతగా అడ్డుకోకపోవడమే దీనికి కారణం. అయితే పలుచని గోడ స్ప్రింగు బిగింపుల కింద నొక్కుకుపోవచ్చు.

కొనుగోలులో ఒక చిక్కు ఉంది. ఐ.ఎస్. 1239 ప్రకారం తయారయ్యే నీటి గొట్టాలను పిలిచే కొలత బయటి వ్యాసం కాదు, “80 మి.మీ.” గొట్టపు బయటి వ్యాసం సుమారు 89 మి.మీ. పసుపు పట్టీ తేలికరకానికి, నీలం మధ్యరకానికి, ఎరుపు బరువైన రకానికి గుర్తులు. నిర్మాణాలకు ఉద్దేశించిన గొట్టాలకు ఐ.ఎస్. 1161 వేరుగా ఉంది.

5. కూర్పు

గొట్టపు కొనలలో చక్రాలను మోసే స్టబ్‌లు అమర్చాలి. వెల్డింగు గొట్టం లోపల అతుకు గీత ఉబ్బి ఉంటుంది. దానిని తొలగించకపోతే స్టబ్ సరిగా కూర్చోదు. స్టబ్ లోపలికి తగినంత దూరం చొచ్చుకుపోవాలి. మూతి దగ్గరే అతికితే వంపుభారమంతా అతుకుపై పడుతుంది. కర్బనం ఎక్కువగల ఉక్కును ముందుగా వేడిచేయకుండా అతికితే అతుకు పక్కన పెళుసుబారుతుంది. చివరి నట్టు, దానిని కదలనీయని స్ప్లిట్ పిన్ను కలిసి నాటి కడశీల పనినే చేస్తున్నాయి.

6. ముగింపు

కట్టె ఇరుసు విరిగే ముందు బీటలిచ్చి, కిర్రుమని హెచ్చరించేది. అతుకులోని పగులు లోలోపల పెరిగి ఒక్కసారిగా తెగుతుంది. పత్తి, మిరప చేలకు కూలీలను ట్రాలీల్లో తరలిస్తున్న కాలంలో ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. గొట్టం ఇనుమును ఆదా చేసింది గాని నైపుణ్యపు అవసరాన్ని తగ్గించలేదు. వడ్రంగి, కమ్మరి పంచుకున్న బాధ్యత నేడు వెల్డరు ఒక్కడిపై పడింది. ఆ జ్ఞానాన్ని నమోదు చేయడం వృత్తిచరిత్ర పరిశోధకుల ముందున్న కర్తవ్యం.