క్రిమియా ఎస్టేటు (బాల్టిమోర్)

క్రిమియా ఎస్టేటు అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో, బాల్టిమోర్ నగరపు పశ్చిమ భాగాన గల చారిత్రక ఎస్టేటు. విక్టోరియా యుగంలో ఒక సంపన్న ఇంజనీరు కుటుంబానికి ఇది వేసవి విడిది. ప్రస్తుతం గ్విన్స్ ఫాల్స్ - లేకిన్ పార్కు అనే నగర ఉద్యానవనంలో అంతర్భాగం. 20వ శతాబ్దపు రెండవ అర్ధభాగంలో ఈ పార్కు గుండా రహదారి నిర్మించే ప్రయత్నం జరుగగా, పౌరులు దానిని అడ్డుకొన్నారు.

పేరు వెనుక చరిత్ర

ఎస్టేటును నిర్మించినవాడు థామస్ డికే వైనన్స్ (1820-1878). ఇతని తండ్రి రాస్ వైనన్స్ రైలు ఇంజన్ల రూపకల్పనలో పేరు పొందిన ఆవిష్కర్త. రష్యా చక్రవర్తి సెయింట్ పీటర్స్‌బర్గ్ - మాస్కో రైలుమార్గాన్ని తలపెట్టినపుడు, ఇంజన్లు, పెట్టెలు తయారుచేసే పనికై థామస్ 1843లో రష్యా వెళ్ళాడు. ఆ మార్గం 1851లో ప్రారంభమైంది. అక్కడ గడించిన ధనంతో స్వదేశానికి తిరిగివచ్చి, 1850లలో ఈ ఎస్టేటును ఏర్పరచాడు. నల్లసముద్ర తీరాన గల క్రిమియా ద్వీపకల్పం పేరును ఎస్టేటుకు, అక్కడి రాజప్రాసాదమైన ఒరియాండా పేరును తన భవనానికి పెట్టుకొన్నాడు.

నిర్మాణాలు

* ఒరియాండా భవనం: విశాలమైన వరండాలు గల రాతి భవనం.
* ప్రార్థనా మందిరం: గోథిక్ శైలిలో చెక్కతో కట్టిన చిన్న చర్చి.
* నీటిచక్రం: లోయలోని నీటిని కొండపైనున్న భవనానికి ఎక్కించుటకు ఉపయోగించిన ఇనుప చక్రం. విద్యుత్ పంపులు లేని కాలంలో ప్రవాహశక్తితోనే నీటిని పైకి పంపిన ఏర్పాటు ఇది.
* కోట గోడ: ఫిరంగుల కొరకు రంధ్రాలు విడిచిన రాతి గోడ. అంతర్యుద్ధ కాలంలో (1861-1865) ఉత్తరాది సైన్యాన్ని భయపెట్టుటకు ఇక్కడ ఉత్తుత్తి ఫిరంగులు నిలిపారని స్థానికులు చెప్పుకొంటారు. రాస్ వైనన్స్ దక్షిణాది పక్షపాతిగా 1861లో నిర్బంధానికి గురైన మాట మాత్రం చరిత్రలో నమోదైనది.

పార్కుగా మార్పు

గ్విన్స్ ఫాల్స్ అనునది జలపాతం కాదు, ఒక ఏరు. దాని లోయను ఉద్యానవనంగా కాపాడాలని ఓల్మ్‌స్టెడ్ సోదరుల సంస్థ 1904లోనే నగరానికి సూచించింది. 1922లో మరణించిన జె. విల్సన్ లేకిన్ అనే న్యాయవాది, తన తాతగారి స్మృతిగా ఒక పార్కును కొనుటకు వీలునామా ద్వారా ఆస్తిని నగరానికి విడిచాడు. స్థలనిర్ణయంపై చర్చ చాలాకాలం సాగింది. చివరకు నగరం వైనన్స్ వారసుల ఎస్టేటులో ఒక భాగాన్ని 1941లోను, మరికొంత భాగాన్ని 1948లోను కొన్నది.

రహదారి వివాదం

ఐ-70 అంతర్రాష్ట్ర రహదారిని పశ్చిమం నుండి ఈ పార్కు గుండా నగరం లోపలికి తేవాలని అధికారులు ప్రణాళిక వేశారు. పార్కులో ఖాళీ చేయించవలసిన ఇళ్ళు లేవు, భూమి అప్పటికే నగరానిది. కనుక ఇది సులభమైన దారిగా తోచింది. అయితే 1966లో వచ్చిన కేంద్ర రవాణా శాఖ చట్టం, సాధ్యమైన ప్రత్యామ్నాయం ఏదీ లేనప్పుడు తప్ప, పార్కులను, చారిత్రక స్థలాలను రహదారులకు వాడరాదని నిర్దేశించింది. టెన్నెసీ రాష్ట్రం మెంఫిస్ నగరంలోని ఓవర్టన్ పార్కు కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1971 మార్చిలో ఇచ్చిన తీర్పు ఈ నిబంధనకు బలం చేకూర్చింది.

అదే సంవత్సరం బాల్టిమోర్ పౌరులు 'వోల్పే' అనే స్వచ్ఛంద సంఘాన్ని స్థాపించారు. 'లేకిన్ పార్కు ఎక్స్‌ప్రెస్‌వేను వ్యతిరేకించే స్వచ్ఛంద కార్యకర్తలు' అని అర్థమిచ్చే ఆంగ్ల పదాల తొలి అక్షరాలతో ఈ పేరు ఏర్పడినది. అప్పటి రవాణా మంత్రి జాన్ వోల్పే పేరు కూడా అదే కావడం ఇందులోని చమత్కారం. సంఘం న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. పనులు ఏళ్ళ తరబడి నిలిచిపోయి, 1980ల ఆరంభంలో పార్కు గుండా వెళ్ళే మార్గాన్ని పూర్తిగా విరమించుకొన్నారు. అందుచేత ఊటా రాష్ట్రంలో మొదలయ్యే ఐ-70, బాల్టిమోర్ నడిబొడ్డుకు చేరకుండా నగరం అంచునే ఆగిపోయింది.

ఈ విజయానికి మరొక పార్శ్వం కలదు. ఐ-70తో కలుపుటకు ఉద్దేశించిన ఒక భాగాన్ని నగరం లోపల, ఫ్రాంక్లిన్ - మల్బరీ వీధుల మధ్య 1970లలో నిర్మించారు. దానికై ప్రధానంగా నల్లజాతీయులు నివసించే వాడలలో వందలాది ఇళ్ళను కూల్చివేశారు. పార్కు మార్గం రద్దు కావడంతో, సుమారు 2 కిలోమీటర్ల ఆ ముక్కకు 'ఎక్కడికీ పోని రహదారి' అనే పేరు మిగిలింది. పార్కును రక్షించిన చట్ట నిబంధన సామాన్యుల ఇళ్ళకు వర్తించలేదు.

పరిరక్షణ, సందర్శన

గ్విన్స్ ఫాల్స్ లోయ వెంట సుమారు 15 మైళ్ళ (24 కి.మీ.) కాలిబాట కలదు. దీని తొలి భాగం 1999లో ప్రారంభమైంది. ఎస్టేటు ఆవరణలో 1980ల నుండి ఔత్సాహికుల సంఘమొకటి చిన్న పట్టాలపై ఆవిరి రైళ్ళను నడుపుతూ సందర్శకులను ఎక్కించుకొంటున్నది. రైళ్ళతో సంపాదించిన ధనంతో వెలసిన ఎస్టేటులో నేడు పిల్లలు బొమ్మ రైలెక్కి తిరగడం ఇక్కడి విశేషం.

ఇవి కూడా చూడండి

* బాల్టిమోర్
* మేరీల్యాండ్
* అమెరికా అంతర్యుద్ధం