రాతకి ముందు చరిత్ర: పొయ్యిలో బొగ్గు ఏం చెప్తుంది?

పోస్టు కొంచెం పెద్దది, తీరిగ్గా చదవండి. పోటీ పరీక్షలకి చదివేవాళ్ళకి కూడా కొన్ని సంగతులు పనికొస్తాయి.

మన చరిత్ర పుస్తకాల్లో శాసనం వేయించినోళ్ళు ఉంటారు, గుడి కట్టించినోళ్ళు ఉంటారు, యుద్ధం గెలిచినోళ్ళు ఉంటారు. అడవిలో పుల్లలు ఏరుకొచ్చి, గడ్డలు కాల్చి, పిల్లల కడుపు నింపినోళ్ళు కనపడరు. యానాదులకి, ఎరుకలకి, చెంచులకి రాసిపెట్టిన చరిత్ర లేదు కాబట్టి చరిత్రే లేదని సులభంగా తేల్చేస్తా ఉంటారు. రాత పుట్టకముందు నుంచి మనిషి ప్రతిరోజూ వదిలిన గుర్తు ఒకటుంది. అది పొయ్యిలో మిగిలిన బొగ్గు.

కట్టెని భూమిలో పాతిపెడితే చెదలు తింటాయి, బూజు తింటుంది, కొన్నాళ్ళకి ఆనవాలు కూడా ఉండదు. అదే కట్టె గాలి చాలక సగం కాలి బొగ్గయితే దాదాపు కర్బనం మాత్రమే మిగుల్తుంది. చెదలకీ బూజుకీ అది తిండి కాదు. అందుకే తడికి నానినా, మట్టిలో కప్పడిపోయినా, వేల ఏళ్ళు నిలుస్తుంది. ఇంకో విశేషం ఏందంటే, చెట్టు బతికున్నప్పుడు నీళ్ళు మోసిన సన్నటి గొట్టాలు బొగ్గులో కూడా ఉన్నచోటే ఉంటాయి. ఆ గొట్టాల సైజు, వరస, మధ్యలో అడ్డంగా పోయే గీతలు ఒక్కో చెట్టుకి ఒక్కో తీరుగా ఉంటాయి. పరిశోధకులు బొగ్గుముక్కని అడ్డంగా ఒకసారి, నిలువుగా రెండు వైపులా విరిచి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, తెలిసిన చెట్ల నమూనాలతో పోల్చి చూస్తారు. వేలిముద్ర చూసి మనిషిని పట్టుకున్నట్టే ఇదీ. ఎక్కువసార్లు చెట్టు ఏ జాతి కుటుంబందో చెప్పగలరు గానీ, తుమ్మల్లోనే ఇది ఏ తుమ్మ అంటే చెప్పడం కష్టం.

తవ్వకంలో ఈ ముక్కల్ని పట్టే పద్ధతి కూడా తేలికైందే. మట్టిని నీళ్ళ డ్రమ్ములో పోసి కలిపితే రాళ్ళు, మట్టి అడుక్కి పోతాయి. బొగ్గు, కాలిన గింజలు పైకి తేలతాయి. వాటిని సన్న జల్లెడతో పట్టుకుంటారు.

ముక్క చిన్నదే అయినా అందులో ఇంకా చాలా సంగతులుంటాయి. చెట్టు వలయాలు బాగా వంపు తిరిగి ఉంటే కాల్చింది సన్న కొమ్మ. దాదాపు తిన్నగా ఉంటే పెద్ద మాను. పురుగు తొలిచిన సొరంగాలు, బూజు పోగులు కనపడితే పచ్చిచెట్టు నరకలేదు, ఎండి పడినదాన్ని ఏరుకొచ్చి ఉండొచ్చు. ఒకే పొయ్యిలో దొరికిన బొగ్గు చివరిసారి వేసిన మంట సంగతే చెప్తుంది. ఊరి చెత్తకుప్పలో చెదిరి ఉన్న బొగ్గయితే ఎన్నో ఏళ్ళ వంటల లెక్క చెప్తుంది.

ఇప్పుడు మన నేల మీద దొరికిన రుజువులు చూద్దాం.

బేతంచెర్ల దగ్గరున్న కర్నూలు గుహల్లో 1884–85లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ తవ్వకాలు చేయించాడు. 1863లో మద్రాసు పక్క పల్లావరంలో మన దేశపు మొదటి పాతరాతియుగపు పనిముట్టుని గుర్తించింది ఈయనే. తర్వాత చాలా ఏళ్ళకి ఎం.ఎల్.కె. మూర్తి అదే ప్రాంతంలో ముచ్చట్ల చింతమాను గవి అనే గుహని పరిశోధించారు. అక్కడ పాతరాతియుగం చివరి కాలపు పొయ్యి బయటపడింది. పొయ్యి దగ్గర కాలిన మట్టిని పరీక్షిస్తే సుమారు 17,000 ఏళ్ళ నాటిదని తేలింది. మట్టి బాగా కాలినప్పుడు అందులో అప్పటిదాకా నిల్వ ఉన్న శక్తి పోయి లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. ఆ తర్వాత ఎంత పేరుకుందో కొలిస్తే మంట ఎప్పుడు పెట్టారో తెలుస్తుంది. అంటే ఇప్పుడు నంద్యాల జిల్లా అంటున్న ఆ నేల మీద, వ్యవసాయం పుట్టడానికి ఎంతో ముందే, ఎవరో కట్టెలు పేర్చి మంట చుట్టూ కూర్చున్నారు.

రెండోది బళ్ళారి పక్కన సంగనకల్లు. అది కొత్తరాతియుగపు ఊరు. అక్కడా, మన కడప, కర్నూలు వైపు హనుమంతరావుపేట, పెద్దముడియం లాంటి చోట్లా డోరియన్ ఫుల్లర్ అనే పరిశోధకుడు మట్టిని నీళ్ళలో తేల్చి కాలిన గింజలు తీశాడు. ఉలవలు, పెసలు, అండుకొర్రలు బయటపడ్డాయి. ఎలెనీ అసూటీతో కలిసి దక్షిణ భారతంలో ఆనాటి పొయ్యిల బొగ్గు మీద కూడా పనిచేసి 2008లో పుస్తకం వేశారు. ఆకురాల్చే పొడి అడవుల చెట్లు, తుమ్మ లాంటి ముళ్ళచెట్లు అందులో కనపడతాయి. సంగనకల్లులో క్రీ.పూ. 1400–1300 నాటి పొరల్లో మామిడి, నిమ్మ జాతి చెట్ల బొగ్గు దొరికింది. క్రీ.పూ. 1300 ప్రాంతంలో చందనం బొగ్గు కూడా ఉంది. పండ్ల చెట్ల కట్టె పొయ్యిలోకి వచ్చిందంటే ఆ చెట్లు ఊరి పక్కనే పెరుగుతున్నాయనీ, మనుషులు వాటిని పెంచి కొమ్మలు కొట్టి ఉంటారనీ పరిశోధకులు ఆలోచిస్తున్నారు. నిమ్మకాయల మార్కెట్టుకి పేరుపడ్డ మన గూడూరోళ్ళకి ఇది గుర్తుండిపోయే విషయం. ఆ నిమ్మ కథకి 3,000 ఏళ్ళు దాటిన సాక్ష్యం పొయ్యిలో ఉంది.

మూడోది ఉట్నూరు. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, పాత మహబూబ్‌నగర్ జిల్లాది. 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ అక్కడి బూడిద దిబ్బని తవ్వాడు. ఇలాంటి దిబ్బల్ని జనం రాక్షసుల్ని కాల్చిన చోటు అనుకునేవాళ్ళు. తవ్వి చూస్తే అది పశువుల దొడ్డి. ఏళ్ళ తరబడి పోగైన పేడని మళ్ళీ మళ్ళీ కాల్చిన బూడిద.

ఇక్కడే ఒక చిక్కు ఉంది, అదే ఈ పోస్టులో అసలు మాట. ఒక ఊరి పై పొరల్లో ఫలానా చెట్టు బొగ్గు కనపడకపోతే దానికి కారణం ఏంది? ఆ చెట్టు నరికి నరికి అయిపోయుండొచ్చు. వానలు తగ్గి ఎండిపోయుండొచ్చు. లేదా చెట్టు గుమ్మం ముందే ఉన్నా, దాన్ని పొయ్యిలో పెట్టకూడదనే కట్టుబాటు ఉండుండొచ్చు. ఇప్పటికీ ఎంతోమంది రావికట్టె కాల్చరు. వెయ్యేళ్ళ తర్వాత ఎవరన్నా తవ్వి, రావి బొగ్గు లేదు కాబట్టి రావిచెట్టే లేదనుకుంటే అది తప్పే కదా. ఈ మూడింట్లో ఏది నిజమో సూక్ష్మదర్శిని ఒక్కటే చెప్పలేదు. కట్టెలు ఏరే మనుషుల్ని అడగాలి. ఏ కట్టె నిదానంగా కాల్తుంది, ఏది పొగ పెడుతుంది, ఏది వానాకాలంలో కూడా అంటుకుంటుంది, ఏది ముట్టకూడదు అనేది వాళ్ళకే తెలుసు. మూర్తి గారు గుహలు తవ్వడంతో ఆగకుండా, 1980లలో ఆ పరిసరాల్లో వేట, సేకరణ మీద బతికే జనం జీవనాన్ని కూడా పరిశీలించి రాశారు. మన పెద్దోళ్ళ తెలివి శాస్త్రానికి అవసరమైన సాక్ష్యం.

17,000 ఏళ్ళ కింద ఆ గుహలో కూర్చున్నోళ్ళే మన ముత్తాతలని నేను అనట్లేదు. పొయ్యి రక్తసంబంధం చెప్పదు. కానీ ఏ పుల్ల దేనికి పనికొస్తుందో తెలిసి ఏరుకొచ్చే ఆ పని ఈరోజుకీ చేస్తున్నది ఎక్కువగా మనోళ్ళే.

మన వైపు పొయ్యిల పొరలు ఎట్లా ఉంటాయో ఒకసారి ఊహించండి. అడుగున అడవి చెట్లు. దాని పైన సరుగుడు. మద్రాసుకీ రైళ్ళకీ కట్టెల కోసం 19వ శతాబ్దంలో తీరం వెంట పెంచిన బయటిదేశపు చెట్టు అది. మన శ్రీహరికోట అడవి కట్టెలు కూడా బకింగ్‌హాం కాలువ పడవల్లో మద్రాసు పొయ్యిలకే పోయాయి. ఆ దీవిలో ఎన్నో తరాలుగా ఉన్న యానాదులు 1969లో రాకెట్ కేంద్రానికి ఆ చోటు ఎంచుకున్నాక అక్కణ్ణుంచి కదలాల్సి వచ్చింది. సరుగుడు పైన సర్కారు తుమ్మ. ఇది అమెరికా ఖండం చెట్టు. 1870లలో అటవీశాఖ అధికారి బెడ్డోమ్ చొరవతో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి మన కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఇప్పుడు చెరువుల్లో, పోరంబోకుల్లో యాడ చూసినా అదే. అన్నిటికన్నా పైన, 2016లో ఉజ్వల పథకం వచ్చాక గ్యాస్ పొయ్యి. గ్యాస్ మంట బొగ్గు మిగల్చదు. అంటే రేపు తవ్వేవాళ్ళకి మన వంట ఆనవాలు అక్కడితో పల్చబడిపోతుంది.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. కట్టెని పేర్చి, మట్టి కప్పి, గాలి ఎంత వదలాలో చూసుకుంటూ బొగ్గు చెయ్యడం తేలికైన పని కాదు. ఆ పనితనం ఉన్న యానాది, ఇరుల కుటుంబాల్ని అడ్వాన్సు డబ్బుల పేరుతో బొగ్గు బట్టీల్లో వెట్టికి కట్టేసిన సంఘటనలు మన రాష్ట్రంలోనూ తమిళనాడులోనూ ఎన్నోసార్లు బయటపడ్డాయి. తెలివి మనది, లాభం ఇంకొకరిది. ఆ తెలివిని చదువుగా మార్చుకుంటే మన పిల్లలు పురావస్తు శాఖలో, వృక్షశాస్త్ర ప్రయోగశాలల్లో కూర్చోవచ్చు. బొగ్గుని పోల్చడానికి చెట్ల నమూనాలు కావాలి. ఏ చెట్టు ఏదో అడవిలో గుర్తుపట్టి నమూనా తేగలిగేవాళ్ళు కావాలి.

కాబట్టి ఒక చిన్న పని చేద్దాం. ఈ సెలవుల్లో మీ అవ్వ దగ్గరో, తాత దగ్గరో కూర్చోండి. వాళ్ళ చిన్నప్పుడు పొయ్యిలోకి వాడిన చెట్ల పేర్లు మన వాడుకలో ఎట్లా అంటారో అట్లాగే రాయండి. అన్నానికి ఏది, చేపలు కాల్చడానికి ఏది, బాలింత గదిలో కుంపటికి ఏది, అసలు ముట్టని చెట్టు ఏది, ఎందుకు ముట్టరు అన్నీ అడగండి. ఊరి పేరు, చెప్పినవాళ్ళ వయసు రాసి కింద కామెంట్లో పెట్టండి. చెట్టు తెలియకపోతే ఆకు, బెరడు ఫోటో పెట్టండి, అందరం కలిసి గుర్తుపడదాం. అన్నీ ఒకచోట చేర్చి పట్టిక చేసే పని నేను చూసుకుంటా.