పాత పాటను కాపాడిన శ్రోతలు

తెల్లారేసరికి వాట్సాప్‌లో ఎవరో ఒకరు ఘంటసాల, లీల పాడిన యుగళగీతం ఒకటి పంపుతారు. అది ఏ సినిమాలోదో ఇంకొకరు చెబుతారు. ఆ సినిమా ఏ ఊళ్లో ఏ హాల్లో చూశారో మరొకరు గుర్తు చేసుకుంటారు. మధ్యాహ్నానికి ఆ పాట విజయవాడ నుంచి డల్లాస్ దాకా ఒక చుట్టు తిరిగొస్తుంది. దీన్ని చాలామంది సెల్‌ఫోన్లు తెచ్చిపెట్టిన కాలక్షేపం అనుకుంటారు. కానీ నచ్చిన పాటను నలుగురికీ వినిపించడం, దాని వివరం చెప్పుకోవడం అనే ఈ అలవాటుకు మనలో వందేళ్లకు దగ్గర వయసుంది. తెలుగు పాత పాటను తయారుచేసింది స్టూడియోలు, గ్రామఫోను కంపెనీలు, రేడియో కేంద్రాలు. కాపాడింది మాత్రం ఎక్కువగా శ్రోతలే. అడిగి, కొని, రాసుకుని, పంచుకుని దాన్ని ఒక తరం నుంచి ఇంకో తరానికి అందించింది వాళ్లే. ఈ చరిత్ర గుర్తుంటే, ఇవాళ మనం చేస్తున్న పనికి ఎంత విలువుందో, అందులో లోపం ఎక్కడుందో రెండూ తెలుస్తాయి.

పాటను వస్తువుగా మన చేతికిచ్చింది గ్రామఫోను. 1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ గానాన్ని రికార్డు చేశాడు. 1908లో అక్కడి సియాల్దాలో రికార్డుల ఫ్యాక్టరీ వెలిసింది. లక్కతో చేసిన ఆ నల్ల రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. పది అంగుళాల రికార్డుకు ఒక్కో వైపు మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూగా పాట పట్టేది. తెలుగునాట దానికి గిరాకీ తెచ్చినవాటిలో రంగస్థల పద్యం ముందుంటుంది. నాటకం మీద రాగం తీసి తీసి, వన్స్‌మోర్‌లు కొట్టించుకున్న పద్యాన్ని కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు వంటి నటులు ఆ మూడు నిమిషాల్లోకి కుదించారు. గ్రామఫోను కొనగలిగినవాళ్లు ఊరికి ఒకరిద్దరే. అందుకే ఆ పెట్టె ఏ ఇంటి అరుగు మీద ఉంటే అక్కడికి వీధి వీధంతా చేరేది. అంటే మనకు రికార్డు పాట మొదటినుంచీ ఒంటరిగా వినేది కాదు, పదిమందితో కలిసి వినేది. నాటకం ఆడిన రాత్రితోనే ముగిసిపోవలసిన ఒక పద్యం ధోరణి, నాటకమే చూడని ఊళ్లకు కూడా ఇలాగే చేరింది.

తర్వాత వచ్చింది టాకీ. తొలి పూర్తి నిడివి తెలుగు టాకీ, హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైంది. ఇవాళ దాని ప్రింటు దొరకదు. ఆ కాలపు ఫిల్ము నైట్రేటుతో తయారయ్యేది. అది తేలిగ్గా అంటుకునేది, అంటుకోకపోయినా కొన్నేళ్లకు పొడిగా రాలిపోయేది. సినిమాలను భద్రపరిచే జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పుణేలో మొదలైంది 1964లో, అంటే మన టాకీకి ముప్పై రెండేళ్లు నిండాక. ఈలోగా సినిమా గురించిన సమాచారం నిలిచింది హాలు బయట అమ్మిన పాటల పుస్తకంలో. నాసిరకం కాగితం మీద అచ్చయిన ఆ సన్నటి పుస్తకం తెరిస్తే ముందు తారాగణం, ఆ తర్వాత సాంకేతిక వర్గం కనిపిస్తాయి. దాని వెనక కథాసంగ్రహం ఉంటుంది. సరిగ్గా నాయికానాయకులు చిక్కుల్లో పడ్డచోట కథ ఆపి, మిగతాది వెండితెర మీద చూడమని రాసేవారు. ఆపైన వరసగా పాటలు, ఒక్కో పాట నెత్తిన పాడినవారి పేరు, చాలాసార్లు రాసినవారి పేరు కూడా ఉండేవి. నిర్మాతకు అది ప్రచార కరపత్రం. కొన్నవాళ్లకు పాట నేర్చుకునే వాచకం. ఇంట్లో అలమరలో, ట్రంకుపెట్టె అడుగున మిగిలిన అలాంటి పుస్తకాలే, ప్రింటు దొరకని సినిమాల్లో ఏ పాట ఎవరు పాడారో చెప్పే సాక్ష్యాలయ్యాయి. వాటిని దాచినవాళ్లు ప్రేక్షకులు.

రేడియో ఈ అలవాటును లక్షలమందికి విస్తరించింది. మద్రాసు కేంద్రం 1938లో మొదలైంది, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణి హైదరాబాదుగా మారింది. అయితే ఆకాశవాణికీ సినిమా పాటకూ మొదట్లో పొసగలేదు. 1952లో సమాచార ప్రసారశాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతానికి పెద్దపీట వేసి, సినిమా పాటల సమయం బాగా తగ్గించారు. సినిమా పేరు చెబితే అది ప్రకటన కిందికి వస్తుందని, పాటకు ముందు ఆ పేరు చెప్పడం కూడా ఆకాశవాణి మానేసింది. దాంతో నిర్మాతలు తమ పాటల ప్రసారానికి అనుమతులు వెనక్కి తీసుకున్నారు. శ్రోత రేడియో ముల్లు రేడియో సిలోన్ వైపు తిప్పాడు. అక్కడ 1952 డిసెంబరులో అమీన్ సయానీ ‘బినాకా గీత్‌మాలా’ మొదలుపెట్టారు. తెలుగు పాటలూ కొలంబో నుంచే వినిపించేవి. మీనాక్షి పొన్నుదురై ప్రకటనలు ఆ తరం శ్రోతలకు ఇప్పటికీ గుర్తే. అయిదేళ్లకు, 1957 అక్టోబరు 3న, ఆకాశవాణే వివిధభారతిని ప్రారంభించి సినిమా పాటకు తలుపు తెరిచింది. ఒక ప్రభుత్వ సంస్థ తన నిర్ణయాన్ని దిద్దుకునేలా చేసింది రేడియో ముల్లు తిప్పిన జనమే.

వివిధభారతి నిలబడింది ఉత్తరాల మీద. ‘మీరు కోరిన పాటలు’ కార్యక్రమంలో ముందు సినిమా పేరు, ఆ తర్వాత రచన, సంగీతం, గానం చెప్పి, అటుపైన ఆ పాట కోరినవారి పేర్లూ ఊళ్ల పేర్లూ చదివేవారు. పోస్టుకార్డు మీద రాసేదే అయినా, స్నేహితులంతా కలిసి ఒకే పాట అడిగి అందరి పేర్లూ రాసి పంపడం మామూలు. ఇప్పుడు జార్ఖండ్‌లో ఉన్న ఝుమ్రీ తలైయా అనే చిన్న ఊరు దేశమంతటికీ తెలిసింది అక్కడివాళ్లు పంపిన కోరికల కార్డులవల్లే. వివిధభారతికి ముందే శ్రోతల ఉత్తరాలు పాటల వివరాల్ని సైతం బయటికి లాగాయి. 1949 నాటి హిందీ ‘మహల్’ సినిమాలో లతా మంగేష్కర్ పాడిన ప్రసిద్ధమైన పాట రికార్డు మీద గాయని పేరు బదులు పాత్ర పేరు ‘కామిని’ అని ముద్రించారు. పాడింది ఎవరని శ్రోతలు రేడియోకు ఉత్తరాలు కురిపించాకే ఆ పేరు ప్రసారంలోకి వచ్చింది. నేపథ్య గాయనికి రావలసిన గుర్తింపును కంపెనీ తనంతట తాను ఇవ్వలేదు. అడిగి ఇప్పించింది శ్రోతలు.

తర్వాతి మజిలీ క్యాసెట్. ఫిలిప్స్ కంపెనీ 1963లో బయటపెట్టిన ఈ సాధనం 1980లలో మన ఇళ్లను నింపేసింది. పట్నాల్లో రికార్డింగ్ సెంటర్లు వెలిశాయి. కాగితం మీద పాటల చిట్టా రాసుకెళ్లి ఇస్తే, షాపతను తన దగ్గరున్న ఎల్పీ రికార్డుల నుంచి ఆ పాటలు ఒక్కొక్కటే ఖాళీ క్యాసెట్లోకి ఎక్కించేవాడు. సి-60 అయితే వైపుకు అరగంట, సి-90 అయితే ముప్పావుగంట. లోపలి అట్ట మీద గళ్లు గీసి పాటల పేర్లు రాసేవారు. చెరిగిపోకుండా క్యాసెట్ వెనక అంచునుండే చిన్న ప్లాస్టిక్ ముక్కను విరగ్గొట్టేవారు. అమెరికా వెళ్లే పిల్లల సూట్‌కేసుల్లో పచ్చళ్ల పక్కన ఈ క్యాసెట్లూ వెళ్లాయి. కంపెనీ అమ్మిన క్రమాన్ని పక్కనపెట్టి, తనకు కావలసిన వరసలో పాటల్ని పేర్చుకునే వీలు మామూలు శ్రోతకు దొరికింది అప్పుడే.

కంపెనీలు రికార్డు చేయకపోతే కాపాడడానికి ఏముండేదని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ తయారుచేయడం వేరు, నిలబెట్టడం వేరు. 78 రికార్డు పోయి ఎల్పీ, ఎల్పీ పోయి క్యాసెట్, అది పోయి సీడీ వచ్చినప్పుడల్లా అమ్ముడుపోతుందనుకున్న పాటే కొత్త రూపంలోకి మారింది, మిగతావి పాత రూపంలోనే ఆగిపోయాయి. రేడియో కేంద్రాల్లో టేపు ఖరీదైన సరుకు కాబట్టి, ఒకసారి ప్రసారమైన కార్యక్రమాన్ని చెరిపి అదే టేపు మీద ఇంకొకటి రికార్డు చేసేవారు. విజయవాడలో బాలాంత్రపు రజనీకాంతరావు, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం వంటివారు నడిపిన సంగీతంలో చాలా భాగం గాలిలోనే కలిసిపోయింది. మిగిలిన కొంత, రేడియో పక్కన టేప్‌రికార్డరు పెట్టుకుని పట్టుకున్న అభిమానుల పుణ్యం. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు వేల సంఖ్యలో 78 రికార్డులు సేకరించి, ఒక్కో రికార్డు పుట్టుపూర్వోత్తరాలు రాసిపెట్టారు. ఒక విశ్వవిద్యాలయమో ప్రభుత్వమో చేయవలసిన ఆ పనిని ఒక వ్యక్తి తన ఇంట్లో చేశారు.

మరో ఆక్షేపణ ఇంతకన్నా బలమైనది. శ్రోతలు కోరిందల్లా సినిమా పాటే కాబట్టి మిగతా సంగీతం మరుగున పడిందని విమర్శ. ఇది చాలావరకు ఒప్పుకోవలసిందే. పెళ్లిపాటలు, దంపుళ్ల పాటలు, వీధిభాగవతం దరువులు పోస్టుకార్డుల్లో కనిపించలేదు. బిరుదురాజు రామరాజు వంటి పరిశోధకులు ఊరూరా తిరిగి రాసుకోకపోతే వాటిలో ఎన్నో దక్కేవి కావు. అయినా జనం కోరిక ఎప్పుడూ సినిమా గోడల మధ్యే ఆగిపోలేదు. కరుణశ్రీ రాసిన ‘పుష్పవిలాపం’ సినిమా కోసం పుట్టింది కాదు. ఘంటసాల గొంతులో రికార్డయ్యాక అది ప్రతి ఊళ్లోనూ మోగింది. ఘంటసాల చివరి రోజుల్లో పాడిన భగవద్గీత 1974లో ఆయన పోయాక విడుదలై గుడి మైకు దాకా వెళ్లింది. పంచుకునేవాళ్ల చేతికి అందితే సినిమాది కాని పాట కూడా బతుకుతుందని దీన్నిబట్టి తెలుస్తుంది. లోపమల్లా ఆ పాటలు చేతికి అందకపోవడంలోనే ఉంది, దాన్ని సరిచేసే వీలూ ఇప్పుడు ఉంది.

పంచుకోవడం కళాకారుల హక్కును దెబ్బతీస్తుందనే మాటనూ తీసిపారేయకూడదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం ధ్వనిముద్రణకు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. సాహిత్యానికి, సంగీత రచనకు కర్త మరణించాక 60 ఏళ్లు ఉంటుంది. అంటే రికార్డుకు గడువు తీరినా అందులోని పాటకు తీరకపోవచ్చు. 2012 సవరణ కవికీ స్వరకర్తకూ రాయల్టీలో వాటా ఖాయం చేసింది. అమ్ముకోవడానికి నకళ్లు తీయడం తప్పే. కానీ మన కవులకూ స్వరకర్తలకూ డబ్బు కన్నా ముందు పోయింది పేరు. ‘మాయాబజార్’ (1957) టైటిల్స్‌లో సంగీతం ఘంటసాలదనే ఉంటుంది. అందులో కొన్ని పాటలకు బాణీలు కట్టి తప్పుకున్నది సాలూరి రాజేశ్వరరావు అన్న సంగతి రికార్డు మీద కనబడదు. తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెబుతూ వచ్చారు కాబట్టే ఇవాళ అందరికీ తెలుసు. సముద్రాల రాఘవాచార్య పేరుతో వచ్చిన పాటల్లో కొన్ని మల్లాది రామకృష్ణశాస్త్రివన్న చర్చ కూడా ఇలా నోటిమాటగా మొదలై పత్రికలకెక్కిందే. ఇలాంటి కబుర్లలో తప్పులు దొర్లవా అంటే దొర్లుతాయి. వాటిని దిద్దేదీ ఎవరి దగ్గరో ఉన్న పాటల పుస్తకమో, రికార్డు లేబులో.

ఈ చరిత్రతో పోల్చినప్పుడు మన కాలపు లోపం బయటపడుతుంది. పాటల పుస్తకం, రేడియో ప్రకటన, క్యాసెట్ అట్ట ఏదో ఒక మేరకు పాటతోపాటు దాని వివరాన్నీ మోశాయి. ఫోన్లో తిరిగే పాటకు మాత్రం తలా తోకా ఉండడం లేదు. పాడినవారి పేరు దొరికితే దొరుకుతుంది. రాసినవారు, స్వరపరిచినవారు మాయమవుతారు. అంతేకాదు, రికార్డు నిడివి కోసం కుదించిన పాఠానికీ సినిమాలోని పూర్తి పాఠానికీ తేడా చెప్పేవారు ఉండరు. ఒకప్పుడు రేడియో సినిమా పేరు మానేస్తే నిర్మాతలు, శ్రోతలు ఊరుకోలేదు. ఇప్పుడు ఆ పనే మనం రోజూ చేస్తున్నాం. అందుకే పాత పాటను ప్రేమించేవారికి ఒక్క విన్నపం. పాట పంపేటప్పుడు సినిమా, సంవత్సరం, రచన, సంగీతం, గానం రాసి పంపండి. మీ ఇంట్లో పాటల పుస్తకం ఉంటే ప్రతి పేజీనీ ఫొటో తీసి పంచండి. ఆకాశవాణి నుంచి రికార్డు చేసుకున్న క్యాసెట్ ఉంటే, అది బూజు పట్టకముందే కంప్యూటర్లోకి ఎక్కించండి. వారానికి ఒక్కసారైనా సినిమాది కాని పాటను, మీ అమ్మమ్మ గొంతులోని మంగళహారతినైనా సరే, నలుగురికీ వినిపించండి.